33వ వారం, ఉమ్మనీరు 27 వచ్చింది. ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగం చూసే పరీక్ష) వారానికి ఒక్కసారి సరిపోతుందా?

అడిగినవారు: తొలిచూలు తల్లి (తణుకు దగ్గర)

అక్కలందరికీ నమస్కారం. నాకిది మొదటి కాన్పు. మొన్న మంగళవారం గ్రోత్ స్కాన్‌లో ఉమ్మనీరు ఏఎఫ్‌ఐ (నాలుగు చోట్ల కొలిచిన నీటి లోతుల మొత్తం) 27 అని వచ్చింది. అన్నింటికంటే లోతుగా ఉన్న చోట 9 సెంటీమీటర్లు అని రాశారు. బిడ్డ బరువు వారాలకు తగ్గట్టే ఉంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు. ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసిన షుగర్ టెస్ట్ 118.

మా డాక్టరమ్మ షుగర్ మళ్లీ చేయించమన్నారు. వారానికి ఒక ఎన్‌ఎస్‌టీ, రెండు వారాలకు మళ్లీ స్కాన్ అన్నారు. అంతే. మా తోడికోడలికి ఉమ్మనీరు తగ్గినప్పుడు వారానికి రెండుసార్లు ఎన్‌ఎస్‌టీ చేశారు, బిడ్డకు రక్తం ఎలా అందుతోందో చూసే డాప్లర్ స్కాన్ కూడా తీశారు. నాకెందుకు ఇంత తక్కువ అని ఒకటే టెన్షన్.

అసలు భయం వేరే ఉంది. ఏడో నెలలో తంతే పొట్ట మీద చీర ఎగిరేది. ఇప్పుడు లోపలెక్కడో చేప మెల్లగా పక్కకు తిరిగినట్టు ఉంటోంది. అది కదలికేనా, నీళ్లు ఊగడమా అని రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నాను. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అత్తయ్యగారు ప్రేమతోనే మంచినీళ్లు తగ్గించమంటున్నారు, కొబ్బరినీళ్లు మాన్పించేశారు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1: ఇద్దరు పిల్లల తల్లి (ఖమ్మం)

చెల్లీ, ముందు మంచినీళ్లు తాగు. మనం తాగే నీళ్లు ఎక్కువై ఉమ్మనీరు పెరగలేదు. నెలలు పెరిగేకొద్దీ ఆ నీరు చాలావరకు బిడ్డ మూత్రమే. పోసింది మళ్లీ బిడ్డే మింగుతుంది. పోసేది ఎక్కువైనా, మింగేది తక్కువైనా నీరు నిలుస్తుంది. మా డాక్టర్ కాగితం మీద కుండ బొమ్మ గీసి, పైన ఒక పంపు, కింద ఒక రంధ్రం పెట్టి చూపించినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. అంతకుముందు స్కాన్ సెంటర్‌లో "నీరు చాలా ఎక్కువుందమ్మా" అని ఒక్క మాట అనేసి రిపోర్ట్ చేతిలో పెట్టారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

నాది రెండో కాన్పు, 31వ వారంలో 34 వచ్చింది. 24 దాటితే ఎక్కువ అంటారు. 30 లోపు కొంచెం ఎక్కువ, 30 నుంచి 35 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. నీది మొదటి మెట్టు, నాది రెండో మెట్టు చివర. నాకు కూడా ఆరో నెలలో షుగర్ లేదు. మళ్లీ చేస్తే రెండు గంటలకు 162. 140 దాటితే షుగర్ ఉన్నట్టే లెక్క. తల్లికి షుగర్ పెరిగితే బిడ్డకూ పెరుగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది. నాకు ఇన్సులిన్ మొదలుపెట్టారు. అందుకే ఎన్‌ఎస్‌టీ వారానికి రెండుసార్లు. నీకు షుగర్ మళ్లీ చేయమన్నారంటే మీ డాక్టరమ్మ సరైన చోటే వెతుకుతున్నారు. ఇంకోటి అడుగు: ఈసారి స్కాన్‌లో బిడ్డ పొట్ట, అంటే జీర్ణాశయం, సరిగ్గా కనిపించిందా అని. మింగే దారిలో, పేగులో అడ్డంకులు ఉంటే కొన్ని ఐదో నెలలో దొరకవు, ఎనిమిదో నెలలో కనబడతాయి.

ఎన్‌ఎస్‌టీ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను అక్కడే ఎక్కువ భయపడ్డాను. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండెకు, ఒకటి గర్భసంచి బిగుసుకోవడానికి. చేతిలో ఒక బటన్ ఇస్తారు, బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కాలి. 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు గుండె వేగం 15 పెరిగి, 15 సెకన్లు నిలిస్తే బాగున్నట్టు. మన నీళ్లలో బిడ్డ ఈదుతూ పక్కకు పోతుంది, గీత తెగిపోతుంది. ఒకరోజు మిషన్‌లో 140 ఉన్నది ఒక్కసారిగా 90 చూపించింది. నా ప్రాణం పోయింది. నర్సు గాభరా పడలేదు, నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "ఇది నీ నాడి అమ్మా, బిడ్డది కాదు" అని, ఆ గుండ్రటి బిళ్లను బొడ్డు కింద నుంచి కుడి పక్కకు జరిపి, తన చేత్తోనే పట్టుకుని నిలబడింది. టక టక టక మని 146. మిగతా పావుగంటా ఆమె చెయ్యి తీయలేదు. ఇంకోసారి బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాలు పట్టింది. గీత తెగితే బిడ్డకు ఏదో అయిందని అనుకోకు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఎన్‌ఎస్‌టీ ఆ పూట బిడ్డ ఎలా ఉందో చెబుతుంది, వచ్చే బుధవారం సంగతి చెప్పదు. మధ్య రోజుల్లో కాపలా నీ చెయ్యే. నేను రాత్రి భోజనం అయ్యాక ఎడమ పక్కకు పడుకుని, అరచేయి పొట్ట మీద పెట్టి లెక్కపెట్టేదాన్ని. తన్నడం, దొర్లడం, జారడం అన్నీ లెక్కే. నువ్వు చెప్పిన చేప కూడా లెక్కే. రెండు గంటల్లో పది రావాలన్నారు, నాకు చాలాసార్లు అరగంటలోనే వచ్చేవి. నీరు ఎక్కువైతే తాకిడి మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ మీ బిడ్డ రోజూ ఎలా కదులుతుందో నీకు తెలిసిపోతుంది. దానికంటే తగ్గిందనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే వెళ్లు. నేను ఒకసారి అలా పదకొండింటికి వెళ్లాను. ఏమీ లేదు, బాగానే ఉంది. ఎందుకొచ్చావని ఎవరూ అనలేదు. 38వ వారంలో పాప పుట్టింది.

జవాబు 2: లేబర్ రూమ్ స్టాఫ్ నర్సు (విశాఖపట్నం, 17 ఏళ్ల సర్వీసు)

తల్లీ, పైన చెల్లెలు చెప్పింది కరెక్ట్. నాడి చూడటం మాకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి.

బయోఫిజికల్ స్కాన్ అని రాస్తే 10 మార్కులకు వేస్తారు. ఊపిరి కదలిక, ఒంటి కదలిక, కాళ్లూ చేతులూ ముడిచి చాపడం, ఉమ్మనీరు, ఎన్‌ఎస్‌టీ, ఒక్కోదానికి 2. అందులో నీటి మార్కు నీరు తగ్గినవాళ్లను పట్టుకోవడానికి పెట్టింది. మీకు ఎప్పుడూ 2కి 2 వస్తాయి. అందుకే మొత్తం కాకుండా మిగతా నాలుగింటికి ఎన్ని వచ్చాయో అడగండి. మీ తోడికోడలి కేసుతో పోల్చుకోవద్దు. నీరు తగ్గడానికి కారణం చాలాసార్లు మాయ సరిగ్గా పనిచేయకపోవడం, దానికి డాప్లర్ చూస్తారు. మీ సమస్య దారి వేరు.

నన్ను భయపెట్టేది టెస్టుల సంఖ్య కాదు, ఉమ్మనీరు పోయే ఘడియ. నీరు ఎక్కువున్నప్పుడు బిడ్డ తల కిందకు దిగి కూర్చోకపోవచ్చు. అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉండొచ్చు, ఇవాళ ఒకలా రేపు ఒకలా. అప్పుడు నీళ్లు ఒక్కసారి పోతే వాటితో బొడ్డుతాడు జారవచ్చు. పోయిన వెంటనే ఎడమ పక్కకు పడుకుని, నడుం కింద రెండు దిండ్లు పెట్టుకుని 108కి ఫోన్ చేయండి. స్నానం చేసి, బట్టలు సర్ది, బైక్ మీద రావద్దు. తాడు బయటకు తగిలితే లోపలికి నెట్టొద్దు. మోకాళ్ల మీద వంగి, తల కిందకు, నడుం పైకి పెట్టి ఉండాలి. ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి బండి ఎవరు తెస్తారు, ఇవి ఈ వారమే ఇంట్లో మాట్లాడుకోండి.

కాన్పు తర్వాత సాగిపోయిన గర్భసంచి బిగుసుకోక రక్తం ఎక్కువ పోవచ్చు. మేం ముందే సిద్ధంగా ఉంటాం. పుట్టిన బిడ్డకు మొదటి పాలు పట్టే ముందు సన్నటి గొట్టం పొట్టదాకా వెళ్తోందో లేదో చూస్తారు, కంగారు పడకండి. ఆహారనాళం తెరుచుకుని ఉందని తెలుసుకోవడానికే అది.

జవాబు 3: న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ

నాకు 26 వచ్చింది, కారణం ఏమీ దొరకలేదు. ఇలా కారణం దొరకనివే ఎక్కువట. ఇక్కడ నాకు అసలు ఎన్‌ఎస్‌టీనే పెట్టలేదు. మొదట చాలా కోపం వచ్చింది. డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు: కొంచెం ఎక్కువై, వేరే కారణం లేనప్పుడు ఆ ఒక్కదాని కోసం ప్రత్యేకంగా టెస్టులు అవసరం లేదని, 39 వారాల ముందు నొప్పులు తెప్పించకూడదని అమెరికాలో తల్లీబిడ్డల నిపుణుల సొసైటీ 2018లోనే చెప్పిందట. 30 దాటితే వేరే లెక్క, అప్పుడు వారం వారం చూస్తారట. మీ డాక్టరమ్మ వారానికి ఒకటి పెట్టారంటే మా వాళ్లకంటే ఎక్కువే చూస్తున్నారు. నాకు బాబు 39 వారాల 4 రోజులకు మామూలు కాన్పులోనే పుట్టాడు.

అడిగినవారు

అక్కలూ, అందరికీ చేతులెత్తి దండం. మూడు రోజులు ఆగి రాస్తున్నాను. షుగర్ మళ్లీ చేయించాను, రెండు గంటలకు 122. ఎన్‌ఎస్‌టీకి వెళ్తే నిజంగానే రెండుసార్లు గీత తెగింది. నేను కంగారు పడకుండా నా మణికట్టు చాపాను, నర్సమ్మ నవ్వి చూసింది. బిడ్డది 138, నాది 92. జీర్ణాశయం గురించి అడిగాను. డాక్టరమ్మ అక్కడే ప్రోబ్ పెట్టి నల్లటి చిన్న బుడగ చూపించారు. ఇంకాసేపు పట్టుకుంటే బిడ్డ గుటక వేయడం కూడా కనిపించింది, పెదాలు తెరిచి మూసింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

తల ఇంకా పైనే ఉంది. 36వ వారంలో మళ్లీ చూస్తామన్నారు. మా వారు పక్కింటి ఆటో అన్నయ్యతో మాట్లాడి నంబర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు, దాని కింద 108. అత్తయ్యగారికి కుండ బొమ్మ గీసి చూపించాను. ఇందాకే చెంబుతో నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఎడమ పక్కకు పడుకునే రాస్తున్నాను, ఇప్పటికి ఏడు కదలికలు అయ్యాయి.