ఏడాదిన్నర పిల్లోడు "బువ్వ" అంటేనే పెట్టల్లా, అడక్కముందే పెట్టల్లా?

రాప్తాడు అమ్మ: పిల్లోడికి 18 నెలలు. ఆకలైతే వంటింట్లోకొచ్చి "ఊ ఊ" అని గిన్నె చూపిస్తాడు, మాట లేదు. "బువ్వ అనేదాకా పెట్టొద్దు" అంటారు మా ఆయన. "నోరు తెరవకముందే పెట్టల్ల" అంటుంది అవ్వ. ఎవురి మాట వినల్ల?

ఆదోని అక్క: మీ ఆయన మాటే. పొద్దున్నుంచి బిస్కెట్టు, బొరుగులు, పాలు చేతికిస్తా ఉంటే వాడికి ఆకలెక్కడిది? అడగాల్సిన పనేముంది? తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇయ్యొద్దు. పాలు రోజుకు అర లీటరు దాటొద్దు. దాటితే కడుపు పాలతోనే నిండి అన్నం తినడు, ఒంట్లో ఐరన్ తగ్గుతుంది. టీ అయితే చుక్క కూడా వద్దు.

కడప థెరపిస్ట్: ఆ గ్యాప్ మాట నూటికి నూరుపాళ్లు కరెక్టు అక్కా. కానీ ఆకలితో ఏడ్చే బిడ్డ ముందు గిన్నె దాచిపెట్టి "బువ్వ అను" అంటే మాట రాదు, అన్నమంటేనే బెదురు పుడుతుంది. వేలు చూపించడమూ అడగడమే. మొదటి నాలుగైదు ముద్దలు ఏమీ అడగకుండా పెట్టండి. ఆకలి కొంచెం చల్లారినాక ముద్ద పట్టుకుని, వాడి కళ్లలోకి చూస్తా, నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. మనం తప్పు చేసేది ఇక్కడే: రెండు క్షణాలు కూడా ఆగకుండా మనమే మాట్లాడేస్తాం. వాడు చెయ్యి చాపినా, "బు" అన్నా, "బువ్వ! బువ్వ కావాల" అని ఒక్కసారి చెప్పి వెంటనే పెట్టండి. ఏమీ అనకపోయినా పెట్టండి.

ఆదోని అక్క: అట్లయితే చెయ్యి చాపడంతోనే సరిపెట్టుకుంటాడు కదా?

కడప థెరపిస్ట్: అందుకే రెండిట్లో ఒకటి ఎంచుకోనియ్యల్ల. ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో పెరుగు గిన్నె: "పండా, పెరుగా?" "కావాలా, వద్దా" అని అడిగితే తల ఊపేసి ఊరుకుంటాడు, పేరు పలకాల్సిన పని పడదు. ఇంకోటి, ఫోన్ చూపిస్తా పెడితే ఇదంతా దండగే. చూపు తెర మీదుంటే మీ నోరు చూడడు.

అంగన్‌వాడీ టీచర్, డోన్: బిడ్డ సరిగ్గా తినలేదేమో అనే అవ్వ భయం కూడా తీర్చల్ల. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతాడు, రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. తిండి తగ్గినట్టు కనపడటం సహజం. రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. పూటకు పావు లీటరు గిన్నెలో ముప్పావు నుంచి నిండుగా పెట్టండి. తల తిప్పుకుంటే "ఇంకొక్క ముద్ద" అనొద్దు. ఎప్పుడు, ఏం పెట్టాలనేది మనిష్టం, ఎంత తినాలనేది వాడిష్టం.

సంగటి పెద్దోళ్ల మాదిరి గట్టిగా ముద్ద చేసి మింగించొద్దు. జారుడుగా కలిపి, ఆకుకూర పప్పు, అర చెంచా నెయ్యి వేసి వేలి కొసంత పెట్టండి. ఈ సీమలో ఇంటింటా బుడ్డలు (వేరుశెనగలు) ఉంటాయి, గింజలు మాత్రం అయిదేళ్లదాకా చేతికియ్యొద్దు. గొంతులో అడ్డం పడతాయి. మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలపండి.

రాప్తాడు అమ్మ: మాట ఎప్పటిదాకా చూడొచ్చు మేడం?

కడప థెరపిస్ట్: వేలు చూపిస్తున్నాడు కాబట్టి గాబరా వద్దు. అట్లని ఊరికే కూర్చోవద్దు. 18 నెలలకు అమ్మ, తాత లాంటి మాట ఒక్కటీ లేకున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరగకున్నా ముందు చెవి పరీక్ష చేయించండి. రెండేళ్లకు "పాలు కావాల" మాదిరి రెండు మాటలు కలపకపోయినా చూపించాల్సిందే. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకొస్తుంది, ఈసారి వచ్చినప్పుడు అడగండి. వాళ్లు వచ్చేదాకా ఆగలేకపోతే నేరుగా జిల్లా ఆసుపత్రికి పోండి.