నాగార్జునకొండ లాంచీ కోసం పొద్దున్నుంచీ కూర్చున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

కందనూలు బిడ్డ:
దండం పెడతా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాగార్జునకొండ చూద్దామని ఇంటిల్లిపాదీ చీకటితోనే బయల్దేరి వచ్చాం. ఇక్కడ టికెట్ కౌంటర్ షట్టర్ సగం దించి ఉంది. లోపల మనిషి లేడు, కుర్చీ మీద తువ్వాలు మాత్రం ఉంది. గేటు దగ్గరున్నాయన్ని అడిగితే ‘చూద్దాం సార్, జనం రావాలి’ అన్నాడు. జనం వచ్చాక ‘పైనుంచి చెప్పాలి’ అంటున్నాడు. బోర్డు మీది నంబర్ కలవడం లేదు. నీళ్లు నిండుగా ఉన్నాయి, లాంచీ కళ్ల ముందే కట్టేసి ఉంది. పిల్లలు ఒకటే గోల. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఇంకెంతసేపు ఆగాలి? వేరే దారి ఉందా?

హాలియా అబ్బాయి:
ఏ గట్టు మీదున్నారన్నా?

ఊరకే చదివేవాడు:
శుక్రవారం.

కందనూలు బిడ్డ:
గట్టు ఏందన్నా, సాగర్‌లోనే ఉన్నాం. డ్యామ్ కనబడుతోంది.

హాలియా అబ్బాయి:
డ్యామ్ రెండు వైపుల నుంచీ కనబడుతుంది అన్నా. హిల్ కాలనీ వైపే ఉన్నారా, బ్రిడ్జి దాటి విజయపురి సౌత్ పోయారా? రెండు చోట్లా లాంచీలున్నాయి. ఒకటి తెలంగాణది, ఒకటి ఆంధ్రది. ఇక్కడ ఆపారని అక్కడ కూడా ఆపాలని లేదు. అది తెలిస్తే మావాళ్లను అడిగి చెప్తా.

మ్యూజియం పిచ్చోడు:
లాంచీ దొరికినా దొరక్కపోయినా ఒక్క మాట. కొండకు పోయేవాళ్లలో సగం మంది సెల్ఫీ దిగి, చిప్స్ తిని వచ్చేస్తారు. అక్కడున్నది మామూలు సరుకు కాదు. శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది, ఇప్పుడు మొత్తం నీళ్ల కింద ఉంది. మునగక ముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చారు. మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంటుంది, ముందు దాని దగ్గరికి వెళ్లండి. ఏ స్తూపం ఎక్కడుండేదో అర్థమవుతుంది. తర్వాత శిల్పాలు. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. దగ్గరికి పోయి పక్క నుంచి చూస్తే ఆడవాళ్ల కాలి కడియాల వరసలు కూడా లెక్కపెట్టొచ్చు. మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, కట్టించింది ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి. రాజు అశ్వమేధం చేశాడు, ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలు చేశారు. ఒకే ఇంట్లో రెండూ నడిచాయి. గైడ్లు ఇది చెప్పరు, ‘ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడు’ అని ఒక్క ముక్క చెప్పి ముందుకు నడుస్తారు.

కందనూలు బిడ్డ:
సార్, మంచి విషయాలే. కానీ ఇప్పుడు నాకు లాంచీ కావాలి. హాలియా అన్నా, మేం కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చాం. ఎడమ గట్టో కుడి గట్టో నాకు తెలియదు. దిగి చూస్తే నీళ్లు మాకు కుడి చేతి వైపు ఉన్నాయి. అంటే కుడి గట్టేనా?

వనపర్తి అక్క:
అంతే తమ్ముడూ, హైదరాబాద్ నుంచి పోతే ఏ వైపు వస్తే అదే గట్టు.

ఎల్‌బీసీ రిటైర్డ్:
అమ్మా, అలా కాదు. మనం ఎటునుంచి వచ్చామన్నది గట్టుకు సంబంధం లేదు. నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. కృష్ణ ఇక్కడ తూర్పుకు పోతుంది, కాబట్టి మన నల్గొండ వైపుది ఎడమ గట్టు. మన జిల్లాకూ ఖమ్మానికీ నీళ్లిచ్చే లాల్ బహదూర్ కాలువ ఎడమ కాలువ, గుంటూరు వైపు పోయే జవహర్ కాలువ కుడి కాలువ. ఉద్యోగమంతా ఆ ఎడమ కాలువ మీదే చేశాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేసిన సంగతి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన సంగతి ఈ కాలం పిల్లలకు తెలియదు. అందరికీ గేట్లెత్తిన వీడియోలే కావాలి.

మాచర్ల మిత్ర:
కొండ మాత్రం మా మాచర్ల మండలంలోది, పల్నాడు జిల్లా. లాంచీకి మా వైపు రండి, విజయపురి సౌత్.

హాలియా అబ్బాయి:
కొండ మీ ఆంధ్రది, డ్యామ్‌లో సగం మా తెలంగాణది. ఇప్పుడు ఆ పంచాయితీ ఎందుకు. మీ వైపు లాంచీలు నడుస్తున్నాయా, ఆ సంగతి చెప్పు.

మాచర్ల మిత్ర:
మొన్నటి దాకా నడిచినయ్. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన తర్వాత రూల్స్ గట్టిగా ఉన్నాయి. గాలి ఎక్కువైనా ఆపేస్తారు, జనం సరిపోకపోయినా కదలరు. లైఫ్ జాకెట్ వేసుకోనంటే ఎక్కనివ్వరు, అది మంచిదే అనుకో.

కందనూలు బిడ్డ:
ఇక్కడ జాకెట్లు రెయిలింగ్ మీద కుప్పగా ఆరేశారు, ఒకదాని మీద కుక్క పడుకుంది. గాలి కూడా లేదు. ‘శుక్రవారం’ అన్న సార్‌కి: శుక్రవారం వస్తే లాంచీ ఉంటుందనా? ఇవాళ శుక్రవారమే కదా.

ఊరకే చదివేవాడు:
అందుకే.

హాలియా అబ్బాయి:
అరె, నిజమే! శుక్రవారం కొండ మీద మ్యూజియానికి సెలవు. పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియం కదా. ఇవాళ శుక్రవారమని ఆ మొదటి పోస్టులోనే చెప్పుంటే ఈ గట్ల గోలే ఉండేది కాదన్నా.

మ్యూజియం పిచ్చోడు:
అమరావతి మ్యూజియం కూడా శుక్రవారం మూతే. హైదరాబాద్ సాలార్‌జంగ్ అంతే, ఆగ్రాలో తాజ్‌మహల్ కూడా అంతే. తాజ్‌కు నమాజు కారణం, మిగతావాటికి వారం సెలవు. శుక్రవారం ఎటు బయల్దేరినా ఒకసారి కనుక్కుని వెళ్లాలి.

కందనూలు బిడ్డ:
సెలవైతే గేటు దగ్గరున్నాయన ‘సెలవు’ అని చెప్పొచ్చు కదా? ‘జనం రావాలి’ ఏంది? రేట్ల కాగితం ఉంది, వారం సంగతి ఒక్క ముక్క లేదు. పండుగ సెలవుల్లో అన్నీ తెరిచే ఉంటాయి అనుకుంటాం ఎవరమైనా.

వనపర్తి అక్క:
మేం ఒక శుక్రవారం పోతే లాంచీ ఎక్కించుకున్నారే. కాసేపు నీళ్లలో తిప్పి మళ్లీ ఒడ్డుకే తెచ్చారు.

హాలియా అబ్బాయి:
అది ఊరికే చక్కర్ అక్కా, కొండకు కాదు. కొండకు పోతే పోవడానికే గంటకు అటూ ఇటూ పడుతుంది. అక్కడ దిగాక కొంచెంసేపే టైమ్ ఇస్తారు, అదే లాంచీలో తిరిగి రావాలి. మధ్యాహ్నం దాటాక ఎవరూ ఎక్కించుకోరు. పెద్దవాళ్లుంటే ముందే చెప్తున్నా, రేవు నుంచి మ్యూజియం దాకా నడవాలి, మెట్లున్నాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పి అంటున్నారు కాబట్టి ఇవాళ దాన్ని వదిలేయండి. హిల్ కాలనీ దగ్గర బుద్ధవనం ఉంది, 2022లో తెరిచారు, 274 ఎకరాలు. కారు దిగాక నడక తక్కువ కాదు కానీ చెట్ల కింద కూర్చోవచ్చు. శ్రీలంక అవుకన బుద్ధుడి నమూనా, 27 అడుగులది, ఆ పిల్లలకు చూపించండి.

మాచర్ల మిత్ర:
బ్రిడ్జి దాటి మా వైపు వస్తే ఎత్తిపోతల ఉంది, చంద్రవంక వాగు దూకే చోటు. పిల్లలకు మొసళ్లు కనబడతాయి. అనుపు కూడా చూడొచ్చు, లోయలోంచి తెచ్చి మళ్లీ కట్టిన రంగస్థలం ఉంది. నడుమ నిలబడి మాట్లాడితే పైమెట్టు దాకా వినిపిస్తుంది. డ్యామ్ మీది నుంచి మాత్రం బండి వదలరు, కింది బ్రిడ్జి మీదుగా రావాలి.

కందనూలు బిడ్డ:
అమ్మ బుద్ధవనం అంటోంది, పిల్లలు మొసళ్లు అంటున్నారు. పోతున్నాం. థ్యాంక్స్ అందరికీ.

ఎల్‌బీసీ రిటైర్డ్:
బుద్ధవనం వెళ్తే పైలాన్ కాలనీ కూడా చూపించండి పిల్లలకు. డ్యామ్‌కు శంకుస్థాపన చేసింది అక్కడే, దాని గుర్తుగా నిలిపిన స్తంభం (పైలాన్) వల్లే ఆ పేరు వచ్చింది.

వనపర్తి అక్క:
మేం ఆదివారం పోదాం అనుకుంటున్నాం. చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో కూడా చెప్పండి.

హాలియా అబ్బాయి:
ఆదివారం రష్ అక్కా. పొద్దున్నే మొదటి లాంచీకి రండి. బయల్దేరే ముందు పేపర్లో సాగర్ నీటిమట్టం చూసుకోండి, 590 అడుగులు నిండుమట్టం. బాగా తగ్గితే లాంచీలు ఆపేస్తారు.

ఎల్‌బీసీ రిటైర్డ్:
పేపర్లో వేసేది అంతకు ముందు రోజు లెక్క.