మైదాకు రంగు అరచేతిలో పోయినా గోరు మీద ఎందుకు నిలుస్తుంది?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక గృహిణి)

ఆషాఢంలో పెరట్లోని మైదాకు కోసి, రోట్లో నూరి ఇంటిల్లిపాదీ పెట్టుకున్నాము. అరచేతుల్లో ఎర్రగా పండిన రంగు రెండు, మూడు వారాల్లోనే వెలిసిపోయింది. గోళ్ల మీది రంగు మాత్రం బతుకమ్మ పండుగ దగ్గరపడినా పోలేదు. అయితే మొదట్లో ఏమీ మిగలక, కొస వైపే ఉంది. మా అత్తమ్మ తెల్లజుట్టు కూడా కుదుళ్ల దగ్గర తప్ప ఎర్రగానే ఉంది. "చర్మం, గోరు, వెంట్రుక మూడింటిలోనూ ఒకే పదార్థం ఉంటుందని మా సార్ చెప్పారు, మరి చేతి రంగే ఎందుకు పోయింది?" అని పదో తరగతి చదివే మా బిడ్డ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (జంతుశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్)

అమ్మా, ఆ సార్ చెప్పింది నిజమే. మూడింటిలోనూ ఉండేది కెరాటిన్ అనే ప్రోటీను, మైదాకులోని లాసోన్ అనే రంగుపదార్థం పట్టుకొనేదీ దాన్నే. చర్మపు పైపొర అడుగున పుట్టిన కణాలు క్రమంగా పైకి జరుగుతూ, కెరాటిన్‌తో నిండి, చివరకు చనిపోయి, కంటికి కనిపించనంత సన్నని పొట్టుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది. మైదాకు అంటేది అన్నిటికన్నా పైనున్న మృతకణాలకే కాబట్టి అవి రాలేకొద్దీ రంగూ పోతుంది, గిన్నెలు తోమే చేతికైతే ఇంకా తొందరగా పోతుంది. రక్తనాళాలు, నాడులు ఉండే లోపలి చర్మం దాకా ఆ రంగు చేరదు.

గోటిలోనివీ మృతకణాలే, కానీ అవి గట్టిగా అతుక్కొని పలకలా ఉంటాయి, రాలవు. గోరు మొదట్లో చర్మం కింద దాగిన మూలం కొత్త కణాలను తయారుచేస్తూ పాతవాటిని ముందుకు నెడుతుంది. బొటనవేలి మీద తెల్లని నెలవంకలా కనిపించేది ఆ మూలపు అంచే. చేతిగోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రంగు అంటిన చోటే ఉంది, గోరే దాన్ని మోసుకుంటూ కొసకు వచ్చింది.

జవాబు 2 (ఉపాధ్యాయుడు, భూపాలపల్లి)

ఎన్నికల విధుల్లో వేలికి పూసే సిరా గురించి కూడా ఇదే చెప్పవచ్చు. 1962 సాధారణ ఎన్నికల నుంచి మన దేశంలో వాడుతున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. చర్మం మీది మచ్చ కొన్ని వారాల్లో పోతుంది, గోటి మీది గీత మాత్రం గోరు పెరిగి కత్తిరింపుకు వచ్చేదాకా ఉంటుంది.

జవాబు 3 (జగిత్యాల)

వెంట్రుక సంగతి కూడా గోటిలాంటిదే: ప్రాణమున్న భాగం కుదురులోనే ఉంటుంది, బయటికి వచ్చినదంతా మృతకణాలే. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక మీ అత్తమ్మగారి కుదుళ్లలో తెలుపు బయటపడింది. నల్లజుట్టుకు మైదాకు పెద్దగా కనిపించకపోవడానికి కారణం, అది జుట్టుకు నలుపునిచ్చే లోపలి మెలనిన్‌ను తొలగించకుండా పైన ఎరుపును చేర్చడమే.

మా అమ్మ బీడీలు చుట్టేది. రాపిడికి కాయలు కాసిన ఆమె వేళ్లకు మైదాకు మా అందరికన్నా ముదురుగా పండేది. అక్కడ మృతకణాల పొర మందంగా ఉండటమే కారణమని తరువాత చదువుకున్నాను; చేతి వెనకకన్నా అరచెయ్యి బాగా పండేదీ అందుకే. ఎర్రగా పండితే మంచి మొగుడు వస్తాడనే మాటకు ఈ లెక్కతో సంబంధం లేదు. నల్లగా పండే కోన్లకు మాత్రం దూరంగా ఉండండి, వాటిలో కొన్నిటిలో కలిపే జుట్టురంగు రసాయనం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మా బిడ్డ స్కేలు పెట్టి కొలిచింది. గోరు మొదటి నుంచి రంగు వరకు మధ్యవేలికి 8 మిల్లీమీటర్లు ఉంటే, చిటికెనవేలికి 6 మాత్రమే వచ్చింది. కొలతలో తప్పా?

జవాబు 1 రాసినవారు

తప్పు కాదమ్మా. మధ్యవేలి గోరు తొందరగా, చిటికెనవేలిది నెమ్మదిగా పెరుగుతాయి. కాలిగోళ్లకూ మైదాకు పెట్టుకొని ఉంటే వాటినీ కొలవమనండి, అక్కడ వేగం చేతిగోళ్లలో సగమే ఉంటుంది.