గడీల నాటి నల్ల కుర్చీలు, లక్క కోళ్ళ మంచం: పాత పద్ధతిలో చేయించడం ఎట్లా? (చర్చ)

పాలమూరు_మట్టిమిద్దె:
కొల్లాపూర్ దగ్గర మా పాత ఇంటిలోని పట్టెమంచానికి జతగా అటువంటిదే మరొక మంచాన్నీ, చేతులు పొడవుగా ఉండే రెండు పడక కుర్చీలనూ చేయించదలచుకున్నాను. మంచం కోళ్ళు (కాళ్ళు) ఖరాదు (కర్రను తిప్పుతూ చెక్కే సాధనం) పట్టి ఎరుపు, పసుపు లక్క ఎక్కించినవి. కుర్చీలు మాత్రం గడీలలో (దొరల పాత కోట ఇళ్ళలో) ఉండేవాటిలా నల్లగా నిగనిగలాడాలి. ఏ కలప వాడాలి, ఇనుప మేకులు లేకుండా అతుకులు నిలుస్తాయా, బెత్తం అల్లిక ఎవరు చేస్తారు, పాలిష్ ఏది మంచిది అన్నవి నా సందేహాలు.

వడ్లవారి_వారసుడు:
మేకులు లేకుండా నిలుస్తాయా అని అడగవలసి రావడమే బాధాకరం. మా తాతగారు కుసిని (కర్ర కొసన చెక్కిన నాలుకను) బెజ్జంలో బిగించి, రెండింటిలోని రంధ్రాలను వెంట్రుకవాసి తప్పించి, వెదురు మేకును దిగగొట్టేవారు; మేకు దిగినకొద్దీ అతుకు తనంతట తానే దగ్గరికి లాక్కుంటుంది. ఇప్పటి మేస్త్రీలు తెల్ల జిగురు పోసి, స్క్రూ తిప్పి, పైన లప్పం పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. సరేసుతో (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పాతకాలపు జిగురుతో) అతికిన కుర్చీని వేడి నీటి ఆవిరి పట్టి విప్పవచ్చు, బాగుచేసి మళ్ళీ బిగించవచ్చు. తెల్ల జిగురు పోసినదాన్ని విప్పబోతే కుసి విరగడం ఖాయం.

దేవరకొండ_దర్వాజ:
జిగురు సంగతి తరువాత చూసుకోవచ్చు. గడీల కుర్చీలన్నీ జిట్రేగితో (రోజ్‌వుడ్‌తో) చేసినవే, ఆ నలుపు మరొక కర్రకు రాదు. అనుమానం ఉన్నవారు చిన్న ముక్కను నీటిలో వేసి చూడండి, మునిగితే జిట్రేగి, తేలితే టేకు.

కరక్కాయ_కషాయం:
క్షమించాలి, ఈ పరీక్ష పూర్తిగా తప్పు. ఎండిన జిట్రేగి ఘనమీటరుకు సుమారు 850 కిలోలు, టేకు సుమారు 650 కిలోలు తూగుతాయి. నీరు 1000 కిలోలు కాబట్టి రెండూ తేలవలసినవే. గడీలలోని నల్ల కుర్చీలలో రంగు వేసిన టేకువి కూడా ఉండవచ్చు. కరక్కాయ నీళ్ళు పట్టించి ఆరనిచ్చి, బెల్లం నీటిలో తుప్పు ఇనుమును నానబెట్టిన నీటిని దానిమీద పూస్తే, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి కర్ర కళ్ళముందే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది కూడా ఈ దారినే. టేకులో సొంత వగరు చాలదు కనుక కరక్కాయను వదిలేస్తే మురికి బూడిద రంగు మిగులుతుంది.

దేవరకొండ_దర్వాజ:
పుస్తకాలు చదివి లెక్కలు చెప్పేవారితో వాదించలేను. మా ఇంటి కుర్చీని ఇద్దరు కలిస్తే గాని లేపలేరు.

కరక్కాయ_కషాయం:
ఆ కుర్చీని బోర్లించి, కూర్చునే పలక అడుగున ఉలితో కొద్దిగా గీకి చూడండి. నలుపు పైపొరతో ఆగిపోతే అది రంగు. లోపల ఊదా గోధుమ రంగు మీద ముదురు చారలు కనిపిస్తే జిట్రేగి. బరువు ఒక్కటే చూసి కర్రను తేల్చకూడదు.

సూర్యాపేట_సందుగ:
ఇద్దరూ శాంతించండి. జిట్రేగి నరకాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, కాబట్టి ప్రశ్న అడిగినవారికి ఈ తగవు వల్ల లాభం లేదు. పాత ఇళ్ళు కూల్చినప్పుడు దొరికే దూలాల టేకు కొనండి. అది ఎండి ఉంటుంది, పగుళ్ళు ఇవ్వదు. చేవ (నడిమి గట్టి చెక్క) చుట్టూ ఉండే లేత తెల్ల చెక్కను మాత్రం మేస్త్రీ ఎంత బతిమాలినా తీసేయించండి, పురుగు మొదట పట్టేది దానినే.

పుట్టపాక_పోగు:
నల్ల రంగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా తేలియా రుమాలు (చేనేత వస్త్రం) నూలుకు ఆముదం కాయల బూడిద, నూనె పట్టించి తరువాతే అద్దకం వేస్తారు. రంగు కంటే ముందు దాన్ని పట్టుకునే మందు కావాలన్న సూత్రం కర్రకూ వర్తిస్తుందని కరక్కాయవారు చెప్పడం సబబుగానే ఉన్నది.

వడ్లవారి_వారసుడు:
చర్చ రుమాళ్ళ దాకా వెళ్ళింది, కోళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ళుగా ఖరాదు ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, లక్కను కుంచెతో పూయరు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కోడు మీద ఒత్తి పట్టుకుంటే రాపిడి వేడికి కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు చేసేది ఇదే పని, కర్ర మాత్రం అక్కడ అంకుడు. స్ప్రే రంగు కొట్టి లక్క పని అని అమ్మేవారిని గుర్తించడానికి గీతల అంచులు చూడండి: ఖరాదు మీద ఎక్కించిన పట్టీ కోడు చుట్టూ ఎక్కడా వంకర పోదు.

సూర్యాపేట_సందుగ:
అంతటి అనుభవం ఉన్నవారు బెత్తం అల్లేవారి జాడ కూడా చెప్పి ఉంటే బాగుండేది.

వడ్లవారి_వారసుడు:
బెత్తం మా పని కాదు.

అచ్చంపేట_చిత్రిక:
పాలిష్ గురించి చెబుతాను. లీటరు స్పిరిట్‌కు సుమారు 150 గ్రాముల చపడా లక్క (పలుచని రేకులుగా దొరికే లక్క) వేసి రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, పాత నూలు గుడ్డలో దూది చుట్టిన ముద్దతో పలుచగా, పొర మీద పొరగా రుద్దాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, గాలిలోని తేమకు పొర తెల్లగా మసకబారుతుంది. వేడి టీ గ్లాసు పెడితే మచ్చ పడుతుందని చెప్పి ప్లాస్టిక్ పాలిష్‌ను అంటగట్టేవారు, లక్క మచ్చను స్పిరిట్ ముద్దతోనే సరిచేయవచ్చన్న మాట మాత్రం చెప్పరు. ఒక జాగ్రత్త: నెలల తరబడి నిలువ ఉన్న లక్క పాలిష్ ఆరదు. దుకాణంలో సీసా కొనేముందు చెక్క ముక్క మీద పూయించి, కాసేపటి తరువాత వేలితో ఒత్తి చూడండి. ముద్ర పడితే ఆ సీసాను అక్కడే వదిలి రండి.