సమస్య: “చెట్టు లేని చోట చిగురు తొడిగె”

నిర్వాహకుడు: హన్మకొండలో ఒక బడికి పోతే తెలుగు క్లాసులో టీవీ మీద పాకాల అడవి వీడియో పెట్టి పిల్లలతో పద్యం రాయిస్తున్నారు. అక్కడే తట్టింది ఈ పాదం. దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించాలి. ట్యాబో, బడి పాఠాల దీక్ష యాపో, పాఠంలోని క్యూఆర్ కోడో, ఏదో ఒకటి పూరణలోకి రావాలి. కానివ్వండి.

మడికొండ మామ:
తెరను మీటినంత తెలుగు బడిని నేడు
పిల్ల కనుల ముందు పెరిగె నడవి
చూచి రాసె నొక్క చురుకైన పద్యమ్ము
చెట్టు లేని చోట చిగురు తొడిగె

నర్సంపేట మాస్టారు: రెండో పాదంలో అడవే పెంచారు, నాలుగోదాంట్లో చెట్టే లేదు. మధ్యలో ఎవరు నరికారు మామా?

మడికొండ మామ: తెర మీది అడవి తాకితే గాజే కదా మాస్టారూ, అందులో చెట్టెక్కడిది? విరుపంతా అక్కడే ఉంది, మీకే తగల్లేదు. మీదేదీ?

నర్సంపేట మాస్టారు:
మోదుగాకు నడుమ మురిసెను పూలంచు
బాలుడొకడు రాసె పలకపైన
వీడియోను నమ్మి వేసిన పద్యాన
చెట్టు లేని చోట చిగురు తొడిగె

మోదుగ ఆకు రాల్చి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోడుకొమ్మల మీద పూస్తుంది. వీడియోలో బొమ్మ గీసినాయన ఆకులు కూడా పెట్టేశాడు, పిల్లాడు నమ్మేశాడు. హోలీ ముందు బడి నడుస్తూనే ఉంటుంది, ఊరి బయటికి తీసుకుపోయి ఒక్క చెట్టు చూపిస్తే ఆ పాదం పుట్టేదే కాదు.

మడికొండ మామ: సంగతి బ్రహ్మాండం. పూరణే కుదరలేదు. మీ లెక్కన చెట్టుంది, ఆకే లేదు. సమస్యేమో చెట్టే లేదంటోంది.

ములుగు టీచరమ్మ: మీ ఇద్దరి పంచాయితీ తేలేలోపు నాదీ చూడండి.
క్యూఆరు కోడు చూడ కూసెను కోకిల
పాఠమందు నుండి పలికినట్లు
వేపకొమ్మ కొరకు వెతికిన పిల్లకు
చెట్టు లేని చోట చిగురు తొడిగె

నా క్లాసులో నేను ముందు బొమ్మ చూపించను. కూత ఒక్కటే వినిపించి, రెండు పాదాలు రాశాకే తెర తెరుస్తాను. బొమ్మ ముందే చూస్తే ముప్పై మందీ ‘పచ్చని చెట్టు’ అనే రాస్తారు.

నిర్వాహకుడు: మూడో పాదం ఈ చర్చ మొత్తానికే అందం. కానీ టీచరమ్మా, ఆటవెలది పాదం సూర్యగణంతో మొదలవ్వాలి, ‘క్యూఆరు’ త గణం, అంటే ఇంద్రగణం. ఇంద్రుణ్ని తెచ్చి సూర్యుడి పీట మీద కూర్చోబెట్టారు. చివరికి జరపండి: “కూసె కోకిలమ్మ కొట్టగా క్యూఆరు”.

నర్సంపేట మాస్టారు: కొట్టింది కోకిలనా, క్యూఆర్‌నా?

ములుగు టీచరమ్మ: మా దగ్గర స్కాన్ కొట్టడమే అంటాం మాస్టారూ. సవరణ తీసుకుంటున్నా.

మడికొండ మామ: కోకిల గురించి మాస్టారు మాట్లాడకపోతేనే మంచిది. ఇంతకుముందు చెరువు మీద ఇచ్చిన సమస్యలో పాలపిట్టతో తియ్యగా పాడించిన మనిషి. అది కీచుమంటుంది సారూ, దానికి వీడియో అక్కర్లేదు, పొలం గట్టు మీది కరెంటు తీగ చాలు.

నర్సంపేట మాస్టారు: ఇంకా పాలపిట్టనేనా! దసరా నాడు కనబడితే చాలదా, దాని గొంతుతో మనకేం పని?

మడికొండ మామ: కనబడిందనే రాయాల్సింది మరి.