కన్సల్టింగ్ ఆఫర్: 18 లక్షల నుంచి 26కి. వెళ్లాలా, ఉండిపోవాలా?

నెలాఖరు లెక్కలు:
హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ సొంత ఐటీ విభాగంలో ఏడేళ్లుగా శాప్ (కంపెనీల పనులు నడిపే సాఫ్ట్‌వేర్)లో ఫైకో, అంటే ఖాతాలు-ఖర్చుల భాగం చూస్తున్నాను. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 18 లక్షలు, వేరియబుల్ (ఖాయం కాని, పనిని బట్టి ఇచ్చే భాగం) లేదు. ఒక కన్సల్టింగ్ సంస్థ 26 ఇస్తామంటోంది: అందులో 15 శాతం వేరియబుల్, 2 లక్షలు జాయినింగ్ బోనస్. రెండు చోట్లా బేసిక్ జీతం సీటీసీలో సగం.

మొదటి రౌండ్‌లో జీఆర్-ఐఆర్ ఖాతా (వచ్చిన సరుకునీ, దాని బిల్లునీ జత కలిపేది) ఎందుకు తేలదో అడిగారు. నా రోజువారీ తలనొప్పే కాబట్టి గట్టెక్కాను. రెండో రౌండ్‌లో ‘క్లయింట్ తప్పు పద్ధతే కావాలని పట్టుబడితే ఏం చేస్తారు’ అన్నారు. తడబడ్డాను. మా దగ్గర క్లయింట్ అంటే పక్క బ్లాకులో అకౌంట్స్ సారే, టీ తాగుతూ ఒప్పిస్తాం. అయినా ఆఫర్ వచ్చింది. ఇంట్లో ‘8 లక్షలు వదులుకుంటావా’ అంటున్నారు.

అమీర్‌పేట బ్యాచ్:
వెళ్లిపోండి సార్. శాప్ పాత వెర్షన్ ఈసీసీలో చివరి అప్‌డేట్ ప్యాకులకు కూడా కంపెనీ మామూలు సపోర్ట్ 2027తో సరి. అందరూ కొత్త వెర్షన్ ఎస్/4హానాకి మారుతున్నారు. మీ కంపెనీలోనే ఉంటే ఒక్క మైగ్రేషన్ చూస్తారు, అదీ బయటి కన్సల్టెంట్ల పక్కన కూర్చుని.

బెంచి బాధితుడు:
8 లక్షలు ఎక్కడున్నాయండీ? వేరియబుల్ 3.9, బోనస్ 2 తీసేయండి. బేసిక్ 13 లక్షల మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ 4.81 శాతం కలిపి ఇంకో 2.19. మిగిలింది 17.91, నెలకి 1.49 లక్షలు, పన్నుకి ముందు. అదే లెక్కన ఇప్పుడు మీకు 1.37 వస్తోంది. తేడా 12 వేలు. పాత చోట ఏడేళ్ల గ్రాట్యుటీ ఎలాగూ మీదే. కొత్త చోట ఐదేళ్లు ఉంటేనే అది చేతికొస్తుంది.

ఇంకోటి. నేను చేరిన చోట ప్రతి ప్రాజెక్టుకీ మళ్లీ క్లయింట్ ఇంటర్వ్యూ ఉండేది. ఏడు నెలలు ఏ ప్రాజెక్టూ లేక బెంచి మీద కూర్చున్నాను. నా పేరు మీద క్లయింట్‌కి బిల్లింగ్ లేదని ఆ ఏడాది వేరియబుల్ సున్నా చేశారు.

అమీర్‌పేట బ్యాచ్:
పీఎఫ్ మన డబ్బు కాదా అండీ? వేరియబుల్ సగం వచ్చినా నెలకి ఇంకో 16 వేలు. పైగా రెండేళ్ల తర్వాత ఇంకో చోటికి వెళ్తే బేరం 26 నుంచి మొదలవుతుంది, 18 నుంచి కాదు.

బెంచి బాధితుడు:
బెంచి మీద ఉన్నవాడు బేరమాడడు తమ్ముడూ, దొరికింది పుచ్చుకుంటాడు.

నెలాఖరు లెక్కలు:
హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. పోయినేడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు? నన్ను ఏ ప్రాజెక్టులో వేస్తారు? ఏడాదిలోపు మానేస్తే బోనస్ వెనక్కి కట్టాలా? మూడోదానికి పది నిమిషాల్లో జవాబొచ్చింది: కట్టాలి. మిగతా రెండూ ‘చేరాక మీ మేనేజర్ చెబుతారు’ అట. మా నోటీసు 90 రోజులు, వాళ్లు 30 రోజుల్లో రమ్మంటున్నారు. సోమవారం దాకా గడువు అడిగాను.

బెంచి బాధితుడు:
ఏమన్నారో ఇక్కడ రాయండి. రిజైన్ మాత్రం అప్పుడే పెట్టకండి.