అప్‌డేట్: అనంతపురం వెల్డర్‌కు కెనడా చిన్న ఊళ్ల దారి

అనంతపురంలో వెల్డర్‌గా చేస్తున్న మా తమ్ముడికి కెనడా చిన్న ఊళ్ల పీఆర్ (శాశ్వత నివాసం) కుదురుతుందా అని ఇదివరకు అడిగాను. కుదురుతుంది, కానీ వరస తప్పితే ఫైలు కదలదు.

చిన్న ఊళ్ల కోసం ఉన్న పాత పథకం ఆర్‌ఎన్‌ఐపీ 2024లోనే దరఖాస్తులు ఆపేసింది. ఇప్పుడున్నది 2025లో మొదలైన రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్. థండర్ బే, టిమిన్స్, బ్రాండన్, మూస్ జా లాంటి 14 చోట్లే ఇందులో ఉన్నాయి. ముందు ఆ ఊరు గుర్తించిన కంపెనీలో ఉద్యోగం రావాలి, తర్వాత ఊరి సిఫార్సు, ఆపైనే పీఆర్ దరఖాస్తు.

అసలు చిక్కు అనుభవం దగ్గరే. గడిచిన 3 ఏళ్లలో 1,560 గంటల జీతం పని చూపాలి. తాడిపత్రిలో సొంత షెడ్డు పెట్టుకుని ఎన్నేళ్లు చేసినా లెక్కలోకి రాదు. పనిచేసిన కంపెనీ తన లెటర్‌హెడ్ మీద "వెల్డర్‌గా పనిచేశాడు" అని ఒక్క ముక్క రాసిస్తే చాలదు. చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, జీతం, మిగ్ వెల్డింగ్ చేశాడా టిగ్ వెల్డింగ్ చేశాడా, డ్రాయింగ్ చూసి కొలతలు తీశాడా, అన్నీ ఉండాలి. జీతం బ్యాంకులో పడుంటే ఇంకా మేలు.

ఇంగ్లిష్ పరీక్షగా ఐఈఎల్‌టీఎస్ రాస్తే జనరల్ రాయాలి, అకడమిక్ చెల్లదు. వెల్డర్‌కు సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి కొలత) 5 చాలు: అంటే ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్ 4, మిగతా మూడింటిలో 5. ఇక్కడి చదువు కెనడాలో దేనికి సమానమో చెప్పే ఈసీఏ రిపోర్టు కావాలి, అది 5 ఏళ్లు దాటకూడదు.

జాబ్ ఆఫర్‌కు లక్షలు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. సెటిల్‌మెంట్ ఫండ్స్‌కు (అక్కడ స్థిరపడే ఖర్చుకు చూపాల్సిన డబ్బు) అప్పు తెచ్చి ఖాతాలో వేసిన డబ్బు పనికిరాదు.